నడక వేగానికి ఒక క్లచ్ ప్లేటు

ఇది ఒక వీరగాథ. ఇందులో మూడు జిల్లాలున్నయి, ఎర్రటి రథం ఉన్నది, ఒక ఆడపిల్ల పంతం ఉన్నది, అన్న మాట మీద నిలబడే పెద్దమనిషి ఉన్నడు, పొగ ఉన్నది, ఎండ ఉన్నది, రథచక్రాల కింద నలిగిపోయినవి ఉన్నయి. చదువుతుంటే రోమాలు నిక్కబొడుచుకుంటయి.

నిక్కబొడుచుకోవు. ఇది కారుకు క్లచ్ ప్లేటు మార్పిచ్చిన ముచ్చట. రథం అంటే సెకండ్ హ్యాండ్‌ల కొన్న చిన్న కారు. పొగ ఆ క్లచ్‌దే. చక్రాల కింద నలిగినవి నిమ్మకాయలు. ఎండ ఒక్కటి నిజం. మే నెలల మహబూబాబాద్ ఎండ గురించి అబద్ధం ఆడాల్సిన అవసరం ఇప్పటిదాక ఎవ్వరికీ రాలేదు.

మాది జనగామ. నెలకొక ఆదివారం కారు తీస్కొని హైదరాబాద్ అవతల ఉన్న ఒక చిన్న ట్రాక్‌కు పోయే పిచ్చి నాకున్నది. అక్కడ హెల్మెట్ పెట్టుకొని ఇరవై నిమిషాలు గుండ్రంగ తిరిగి, చివరి నుంచి రెండోణ్ణయ్యి ఇంటికొస్త. చివరోడు ఎవరంటె మధ్యల టైరు పంచరైనోడు. మిగతా శని ఆదివారాలు అది మామూలు కారు. మామూలు అంటే చుట్టాల పెండ్లిళ్లకు తిరిగే కారు. మా బలగంల ఎర్ర కారు అదొక్కటే, ఎర్ర రంగు మీద బంతిపూలు బాగ కనపడ్తయట. "తమ్మీ, బరాత్‌కు జర బండి తేవా" అని ఫోను. బండే కావాలె. నేను బండితోని వచ్చే డ్రైవర్‌ను.

బరాత్‌ల బండి ఎట్ల నడుస్తదో ఒకసారి చెప్పాలె, లేకుంటె ఈ గోస మీకు అర్థంకాదు. ముందుగాల డీజే బండి, దాని వెనుక ఎగిరేటోళ్లు, వాళ్ల వెనుక పెండ్లి జంటతోని కారు. కిలోమీటరు దూరానికి మూడు గంటలు. ఎగిరేటోళ్లు రెండడుగులు ముందుకేస్తే నేను రెండడుగులు, వాళ్లు ఒకడుగు వెనక్కొస్తే నేను బ్రేకు. మూడు గంటలు ఎడమకాలు క్లచ్ పెడల్ మీద సగంలనే ఉంటది. ఇంజన్ తిరుగుతుంటది, చక్రాలు తిరిగీ తిరగనట్టుంటయి, ఆ రెంటి నడుమ క్లచ్ ప్లేటు రాసుకుంట, రాసుకుంట కాలుతది. నా క్లచ్‌ను ట్రాక్ చంపలే. మా మేనబావలు చంపిన్రు.

అది సచ్చిపోతున్నదని ట్రాక్ మీదనే తెలిసింది. గ్యాస్ తొక్కితే ఇంజన్ అరుస్తది, మీటరు ముల్లు పైకి పోతది, బండి మాత్రం ఆలోచిస్తది. ఆ ఆదివారం టైరు పంచరైనోడు సుత నన్ను దాటి పోయిండు.

ట్రాక్ దగ్గర పరిచయమైన కోస్తా ఆయన ఒకరున్నరు, మంచి మనిషి, సలహాలు ఆగవు. "ఆరు బటన్ల ప్లేటు వేసేయండి గురూగారూ. కాలు తీసీ తియ్యకముందే పట్టేస్తుంది" అన్నడు. మామూలు ప్లేటుకు చుట్టూ గుండ్రంగ లైనింగ్ ఉంటది, మెల్లగ పడతది. బటన్ ప్లేటుకు లైనింగ్ బదులు ఆరు లోహపు ముక్కలుంటయి. వేడికి భయపడది, కని దానికి సగం అంటే ఏందో తెల్వది. పడితే మొత్తం, లేకుంటె లేదు. నేను దాని గురించి ఏదో అడుగుతుంటే ఆయన నవ్వుతున్నడు. "ఏమనుకోకండి, మీరు మాట్లాడుతుంటే సినిమాలో కామెడీ సీన్ చూస్తున్నట్టుందండీ."

"నా ల్యాప్ టైమ్ సూడుర్రి, ఇంక నవ్వొస్తది" అన్న.

జనగామల నా బండి చూసే మెకానిక్ అన్నకు బటన్ల ముచ్చట చెప్తే పానా కింద పెట్టిండు. "కంపెనీది ఏస్కొని సప్పుడు చేయక తిరుగు తమ్మీ. నువ్వు రేసు గెలిచినా ఓడినా సోమవారం నీ బండి నా షెడ్డులనే ఉంటది."

నేను బటన్లకే ఫిక్సయిన. ఏదైనా బాగ ఖరాబు చేసుకోవాలంటే ముందు ఫిక్సవ్వాలె.

గప్పుడే మా చెల్లె లగ్గం కుదిరింది. సొంత చెల్లె కాదు, చిన్నాయిన బిడ్డ, వాళ్లది నర్సింహులపేట. ఆమె నౌకరి మహదేవపూర్ దిక్కు, గోదావరి ఒడ్డు ఊర్లల్ల వ్యవసాయ శాఖల. వరి పొలాల గట్ల మీద తిరుగుడు, రైతులకు చెప్పుడు, వాళ్లు వినకపోవుడు, మళ్ల చెప్పుడు. పెండ్లికొడుకు వాళ్లది మహబూబాబాద్, మా దిక్కు మానుకోట అంటరు. లగ్గం ఖాయం చేసుకునే పూలు పండ్ల నాడు అందరు కూసున్నంక కాబోయే మామ అసలు ముచ్చట తీసిండు.

"మానుకోట నుంచి మహదేవపూర్ అంటే బస్సులు ఎన్ని మారాలె బిడ్డా? వారం వారం ఎట్లొస్తవ్? నౌకరి జర ఆలోచన చెయ్."

"బస్సుల రాను మామా. మీ ఇంట్ల కారున్నది కద, ఊకెనే నిలబడ్డది. నేనే నడుపుకుంట పోత, వస్త."

మామ మీసం దువ్విండు. చెడ్డ మనిషి కాదు. పది మందిల మాట అంటే దాని మీదనే కూసునే రకం. "నడుపొస్తదా? అయితే ఒక పని చేద్దాం. బరాత్‌ల కారు నువ్వే నడిపి తీస్కరా. మా గల్లీ అంత సూస్తది. ఒక్కపారి సుత బంద్ పడకుంట నా గడప కాడికి తెస్తివా, నౌకరి గురించి మళ్ల నోరెత్తను."

అందరు నవ్విన్రు. చెల్లె నవ్వలే. "సరే" అన్నది. తిరిగొస్తుంటే నన్నడిగింది, "అన్నా, బరాత్‌కు నీ ఎర్ర కారే కద?"

ఔను. బటన్లు అక్కడనే రాలిపోయినయి.

కని బదులు ఏం వేయాల్నో తెల్వదు. తర్వాతి ఆదివారం చెల్లెను మహదేవపూర్‌ల దింపడానికి పోతున్న. భూపాలపల్లి దాటక ముందే బొగ్గు లారీల వెనుక ఇరుక్కున్నం, నడక వేగమే. క్లచ్ వాసన మొదలైంది, సన్నగ పొగ. పక్కకు తీసి చూస్తే ఎదురుంగనే ఒక రేకుల షెడ్డు, ముంగట ఐదారు జీపులు. గనులకు, గోదావరి దిక్కు ఊర్లకు మనుషులను మోసే జీపులు. ఎనిమిది మంది పట్టే బండ్ల పద్దెనిమిది మందిని ఎక్కిచ్చి గడ్డ ఎక్కిస్తరు. వాటి క్లచ్‌లు చూసే మనిషికి నా కష్టం నవ్వులాటే. ఆయనను అందరు కాకా అంటున్నరు, నేను సుత అన్న.

"ట్రాక్ మీద నెలకెంత సేపు తోల్తవ్?" అని అడిగిండు కాకా.

"ఇరవై నిమిషాలు."

"బరాత్‌ల?"

నేను లెక్క మర్చిపోయినట్టు మొకం పెట్టిన. చెల్లె అందుకున్నది. "పోయిన నెల నాలుగు లగ్గాలు కాకా. ఒక్కోటి మూడు గంటలు."

కాకా బండి చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, నంబర్ ప్లేటుకు ఇంకా అంటుకోని ఉన్న బంతిపువ్వు రేకును గీకిండు. "ఇది రేసు కారు కాదు తమ్మీ. పెండ్లి గుర్రం. నువ్వేమో దీనికి పందెం గుర్రం లాడాలు కొడ్త అంటున్నవ్."

ఆయన చెప్పింది ఇది. ప్లేటు లైనింగ్‌దే, బరాత్‌ల మెల్లగ పడాలె. దాన్ని అదిమిపట్టే ప్రెషర్ ప్లేటు మాత్రం గట్టిది, ట్రాక్ మీద జారొద్దు. పెడల్ జర బరువైతది. "ఒక్కటే యాదుంచుకో. గట్టిదానికి పెడల్ పూర్తిగ తొక్కాలె, అడుగుదాక. సగం తొక్కితే గేరు పడది, బండి గుంజుతది, బంద్ పడతది."

అడుగుదాక. నేను తలూపిన. చెల్లె సుత తలూపింది. మేమిద్దరం తలూపుట్ల ఫస్ట్ క్లాస్.

షెడ్డు పక్కనే బొగ్గు గనుల పాత కన్వేయర్ బెల్టు చుట్ట పడున్నది. బొగ్గును మోసీ మోసీ రిటైరైన రబ్బరు. ఆ దిక్కు దాన్ని ముక్కలు కోసి అన్నిటికి వాడుతరు, గడపల ముందట, బర్ల కొట్టాలల్ల, ట్రాలీలల్ల. మా బాపు ఎప్పటినుంచో అడుగుతున్నడని ఒక ముక్క తీసుకొని డిక్కీల వేసిన. బొటనవేలంత మందం. మా ఇద్దరి బతుకుల కన్న గట్టిది.

లగ్గానికి ఇరవై రోజులుందనంగ సామాను పార్సిల్‌ల వచ్చింది. మెకానిక్ అన్న గొణుక్కుంటనే గేర్‌బాక్సు దించి, కాకా చెప్పినట్టే బిగించిండు. బండి ఇంటికొచ్చిన రోజు మా బాపు చుట్టూ తిరిగి చూసి, "కొత్త సామాను పడ్డది, బురద కాళ్లతోని ఎక్కుతరు" అని బర్ల కొట్టానికని తెచ్చిన బెల్టును హ్యాక్‌సా బ్లేడుతోని కోసుడు మొదలువెట్టిండు. ఒక మధ్యాహ్నం అంత కోసిండు. డ్రైవర్ కాళ్ల కాడ అసలు మ్యాట్ మీద అచ్చం సరిపోయేటట్టు పరిచిండు. గ్యాస్ పెడల్ ఇరుక్కుంటె ప్రమాదమని ఆ కాడ ఒక గాటు సుత పెట్టిండు. మా బాపు అంత జాగ్రత్త మనిషి.

శనివారం పొద్దున చెల్లె నేర్చుకునుడుకొచ్చింది. నేర్చుకునేదేం లేదు, ఆమెకు నడుపొస్తది, మా చిన్నాయిన ట్రాక్టరే నడుపుతది. జనగామ నుంచి తొర్రూరు దిక్కు పోయినం. రోడ్డు మీద పోయేంత సేపు బాగనే ఉన్నది. మొదటిసారి ఆపి, మళ్ల ఫస్ట్ గేరు వేయబోయేసరికి కిర్‌ర్‌ర్. పెడల్ తొక్కే ఉన్నా బండి ముందుకు గుంజుతున్నది. బ్రేకు వేస్తే వణికి బంద్ పడ్డది.

"పూర్తిగ తొక్కు" అన్న.

"తొక్కిన."

"అడుగుదాక తొక్కు."

"అడుగుదాకనే తొక్కిన అన్నా. ఇంక తొక్కితే రోడ్డు తాకుతది."

షెడ్డుకు తీస్కపోయినం. మెకానిక్ అన్న కాళ్ల కాడ ఉన్నయన్ని బయట పారేసి, తల కింద, కాళ్లు పైన పెట్టి పండుకొని క్లచ్ వైరు గుంజిండు. స్టార్ట్ చేసి గేరు వేస్తే వెన్నల కత్తి దిగినట్టు దిగింది. "ఏం లేదు తమ్మీ, వైరు జర లూజున్నది." అన్నీ ఎట్లున్నయో అట్ల మళ్ల తీరుగ సర్ది ఇచ్చిండు. రోడ్డెక్కినం. కిర్‌ర్‌ర్.

ఇది మూడుసార్లయింది. షెడ్డుల బంగారం, రోడ్డు మీద ఇనుము. మూడోసారి ఆయన నా దిక్కు డాక్టరు చూసినట్టు చూసిండు. "బండి బాగున్నది తమ్మీ. నడిపేటోళ్లు టెన్షన్ పడుతున్నరు." పోనీ నువ్వన్న కంపెనీదే బిగించు అంటే, లగ్గాల సీజన్, గేర్‌బాక్సు మళ్ల దించే తీరిక నెల దాక లేదన్నడు.

కోస్తా ఆయనకు ఫోన్ చేస్తే, "కొత్త క్లచ్ కదండీ, ఒక అయిదొందల కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పండి, సర్దుకుంటుంది" అన్నడు. సరే అని తిప్పినం. చెల్లె సెలవు పెట్టి వచ్చింది. జనగామ నుంచి తొర్రూరు, తొర్రూరు నుంచి మహబూబాబాద్, మళ్ల వెనక్కి. ఆ రోజులు యాదికొస్తే ఇప్పటికీ ఎడమ మోకాలు దానంతటదే మడుచుకుంటది. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటయి, మిగిలిన సగంల లారీ ఎదురొస్తది, మేం ఆగుతం, బంద్ పడతం. తొర్రూరు అవతల వడ్ల కాడ కావలి కూసున్న అవ్వ ఒకామె ఉండేది. ఖచ్చితంగ ఆమె ముంగటనే ఆగిపోయేది. మొదటి రోజు "పెట్రోలు అయిపోయిందా బిడ్డా?" అన్నది. రెండో రోజు ఏమనకుంట మంచినీళ్లిచ్చింది. మూడో రోజు, "దీన్ని అమ్మి ఆటో కొనుర్రి" అన్నది. మాకు వచ్చిన సలహాలల్ల బుద్ధి ఉన్నది అదొక్కటే అనిపిచ్చింది.

ఆ మూడో రోజు చెల్లె స్టీరింగ్ మీద తల పెట్టుకొని అట్లనే కూసున్నది. అయిదొందల కిలోమీటర్లు దాటి ఇంక నలభై అయినయి. ఏం సర్దుకోలే.

"బంద్ పడితే మామ ఏమంటడో తెలుసా అన్నా?"

"ఏమంటడు?"

"ఏమనడు. నవ్వుతడు. గంతే. ఆ నవ్వు తర్వాత నేను వారం వారం బ్యాగు పట్టుకొని, పోవాల్నా మామా అని అడగాలె. ఆరు నెలలు అడుగుత. తర్వాత నాకే యాష్టకొచ్చి మానేస్త. వాళ్లు మాన్పిచ్చినట్టు సుత ఉండది."

అట్లాంటి మాటకు ఏమన్న మంచి మాట చెప్పాలె. నాకు రాదు. "నేను ముసుగేసుకొని నడుపుత, నువ్వు ఎనుక కూసో" అన్న.

"నీ మీసం?"

"మామకు చూపు ఆనదట కద."

ఆమె తల ఎత్తింది. నవ్విందనను, కని బండి స్టార్ట్ చేసింది. కిర్‌ర్‌ర్.

లగ్గం నర్సింహులపేటల పగటి ముహూర్తం. భోజనాలయినంక మహబూబాబాద్ పోయినం. పొద్దుగూకే లోపల బరాత్ అయిపోవాలె అని పోలీసోళ్లు ముందే చెప్పిన్రు గనక నాలుగు గంటలకే, నడి ఎండల, మొదలు. స్టేషన్ దిక్కు నుంచి మామ ఇంటిదాక కిలోమీటరున్నర. చెల్లె స్టీరింగ్ ముందట కూసున్నది, కాళ్లకు పసుపు, ఒళ్లంత పట్టుచీర, బాసింగం అద్దానికి తాకుతున్నది. పక్క సీట్ల పెండ్లికొడుకు, మా కొత్త బావ. ఆయన మాట్లాడంగ అప్పటిదాక నేను వినలే. నేను ఆమె కిటికీ పక్కన నడిచే పని పెట్టుకున్న. బంద్ పడితే ఏం చేస్త అంటే ఏం లేదు. పక్కనుండుడే.

నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టిన్రు. కొబ్బరికాయ కొట్టిన్రు. ముత్తయిదువలు ఎర్రనీళ్లతోని దిష్టి తీసి, పారబోసేటప్పుడు చెయ్యి తప్పి సగం తెరిచున్న డోర్ల నుంచి లోపల, ఆమె కాళ్ల మీదనే పోసిన్రు. డీజే అందుకున్నది. ముంగట యాభై మంది చేతులు లేపిన్రు.

కిర్‌ర్‌ర్. బండి ఒక్కసారి ముందుకు ఎగిరి, నిమ్మకాయలను తాకీ తాకక, వణికి బంద్ పడ్డది.

డీజే సప్పుడుల సుత ఆ నిశ్శబ్దం నాకు ఇనిపిచ్చింది. మామ ముందటి నుంచి మెల్లగ నడుచుకుంట వచ్చి కిటికీల వంగిండు. కోపం లేదు. గదే కష్టం. "ఎండల ఎందుకు పరేషాన్ బిడ్డా. దిగి ఎనుక కూసో. పిలగాడు తోల్తడు."

గప్పుడు మా బావ మాట్లాడిండు. "నిమ్మకాయ తొక్కనే లేదు కద బాపూ."

"అయితే ఏంది?"

"నిమ్మకాయ తొక్కితేనే బండి బయలెల్లినట్టు. ఇంక బయలెల్లనే లేదు. ఇది లెక్కల రాదు."

మామ వంగి టైరు కింద చూసిండు. నిమ్మకాయ గుండ్రంగనే ఉన్నది. పది మందిల అన్న మాట, పది మంది నమ్మే నిమ్మకాయ. ఆయన మీసం దువ్వుకొని, "సరే, తొక్కినంకనే సూద్దాం" అని ఒక్కడుగు వెనక్కి జరిగిండు.

చెల్లె కాళ్ల దిక్కు చూసుకున్నది. పసుపు, ఎర్రనీళ్లు, బెల్టు రబ్బరు మూడు కలిసి మడిమ జారుతున్నది. "అన్నా, ఇది పట్టు" అని వంగి, మా బాపు కోసిన మ్యాట్‌ను గుంజి కిటికీల నుంచి నా చేతుల పెట్టింది.

మళ్ల పెడల్ తొక్కింది. పెడల్ ఎప్పుడూ ఆగే కాడ ఆగలే. ఇంక కిందికి పోయింది. ఎంత కిందికి అంటే, ఒక బొటనవేలంత.

ఆమె నన్ను చూసింది. నేను నా చేతుల ఉన్న మ్యాట్ మందం చూసిన. మాట్లాడితే అయిదువందల నలభై కిలోమీటర్ల ముచ్చట మాట్లాడాలె.

గేరు సప్పుడు లేకుంట పడ్డది. నిమ్మకాయలు నాలుగు చిట్లినయి.

రెండు గంటలు పట్టింది. రెండడుగులు ముందుకు, బ్రేకు, మళ్ల రెండడుగులు. ట్రాక్టర్ నడిపిన కాలు, పెడల్ బరువు ఆమెకు లెక్కల లేదు. వాసన లేదు, పొగ లేదు, కాకా చెప్పిన ప్లేటు పట్టుబట్ట మీద చెయ్యి వేసినట్టు మెల్లగ పట్టింది. ఎవరికీ తెల్వలేదు. మంచి క్లచ్ గొప్పతనం అదే, ఎవరూ దాని గురించి మాట్లాడరు. నేను మాత్రం లగ్గానికని కుట్టిచ్చిన తెల్ల కుర్తా మీద, ఎర్రనీళ్లు కారుతున్న గనుల బెల్టు ముక్కను భుజానేసుకొని కిలోమీటరున్నర నడిచిన. పారెయ్యడానికి మనసొప్పలే, బాపు కోసింది. పెండ్లికొడుకు దిక్కు ముసలాయన ఒకాయన ఆపి అడిగిండు, "ఏం తమ్మీ, సారెల గిది సుత పెట్టిన్రా?"

"ఔ తాతా. మా దిక్కు ఆనవాయితీ."

గడప కాడ బండి ఆగింది. ఆమెనే ఆపింది, అది ఆగిపోలే. మామ డోరు తీసి నిలబడ్డడు.

"సోమవారం నౌకరికి ఎన్నింటికి ఎల్లాలె బిడ్డా?"

"సెలవున్నది మామా. పై సోమవారం. పొద్దున ఆరింటికి ఎల్లాలె."

"అయితే ఐదున్నరకు టిఫిన్ కావాలె" అని లోపలికి తిరిగి ఎవరికో చెప్పిండు. గంతే. చప్పట్లు ఎవరూ కొట్టలే. డీజే పిలగాండ్లు వైర్లు చుట్టుకుంటున్నరు.

ఇప్పుడు చెల్లె వారం వారం వాళ్ల కార్ల పోతది, వస్తది. నేను ట్రాక్‌కు పోతున్న, చివరి నుంచి రెండోణ్ణే. క్లచ్ జారుతలేదు, అంటే ఇంతకాలం తప్పు క్లచ్‌ది కాదని తేలింది. బాపుకు మ్యాట్ సంగతి చెప్తే, "మ్యాట్ మంచిదే, కారే చిన్నగున్నది" అని తీస్కపోయి బర్ల కొట్టంల పరిచిండు. బర్రెకు ఇబ్బందేం లేదు.

క్లచ్ మార్పిచ్చుకునేటోళ్లు ఏ ప్లేటైనా వేయించుకోండి. పెడల్ కింద మ్యాట్ మాత్రం ఒక్కటే ఉండాలె, అది సుత పల్చటిది.